వినిపించేవాని ధర్మం

ఆడియో పుస్తకాలను గురించి మన సాహిత్యపరులలో రెండు అభిప్రాయాలు బలంగా నాటుకొని ఉన్నవి. పుస్తకాన్ని వినడం చదవడం కాదనీ, అది సోమరుల కాలక్షేపమనీ ఒక పక్షంవారంటారు. వినే పుస్తకం నాటకంవంటిదే గనుక దానికి వాద్యాలూ, చప్పుళ్లూ, పాత్రకొక గొంతూ ఎంతగా చేరిస్తే అంతగా రక్తి కడుతుందని రెండవ పక్షంవారంటారు. మొదటివారు సభావేదికలమీద కనిపిస్తారు. రెండవవారు ధ్వనిముద్రణశాలలలో ఉంటారు. వీరు ఒకరినొకరు ఎరుగరు. అయినా ఒక విషయంలో ఇరుపక్షాలకూ ఏకాభిప్రాయమున్నది: వినేవాడంటే ఇద్దరికీ చిన్నచూపే. అతనికి చదివే ఓపిక లేదని వీరి నమ్మకం. అతని మనస్సు వాక్యంమీద నిలవదని వారి నమ్మకం. ఆ వినేవాడు ఎవరో, ఎక్కడ కూర్చుండి, ఏ పని చేసుకుంటూ వింటున్నాడో విచారించాలని ఎవరికీ తోచినట్లు లేదు.

విచారించదలచినవారు ఒకసారి సూరత్ వెళ్లి రావడం మంచిది. తాపీనది ఒడ్డున ఉన్న ఈ పాత రేవుపట్టణం నేడు దేశానికంతటికీ చవుక చీరలు నేసిపెడుతున్నది. అక్కడ లక్షల మరమగ్గాలు రాత్రింబగళ్లు ఆడుతుంటాయి. వాటి దగ్గర నిలబడేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లావారున్నారు, ఉత్తరాదివారున్నారు, వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ ప్రాంతాలనుంచి తరలివచ్చిన పద్మశాలీలున్నారు. చేతిమగ్గం కూడు పెట్టని రోజులలో ఊరు విడిచి షోలాపూరు, భివండి, సూరత్ చేరుకొన్న కుటుంబాలవి. 2017లో వరంగల్లు దగ్గర కాకతీయ జౌళి పార్కుకు శంకుస్థాపన జరిగినపుడు, వలసపోయిన నేతగాండ్లు తిరిగి రావచ్చునని తెలంగాణ ప్రభుత్వం పిలుపు నిచ్చింది. అయినా లింబాయత్ వీథులలో తెలుగు మాట నేటికీ వినబడుతూనే ఉన్నది. సూరత్ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలను ఏడు భాషలలో నడుపుతుంది: గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషులతోపాటు తెలుగు కూడా వాటిలో ఒకటి. ఇది ఆ నగరపు ఔదార్యానికి గుర్తు. కాని తెలుగు ఇండ్ల పిల్లలందరూ ఆ బడులకే పోవడం లేదు. హిందీలోనో, గుజరాతీలోనో, ఇంగ్లీషులోనో చదువుకొన్న పిల్లవాడు అమ్మతో కరీంనగరం తెలుగు చక్కగా మాట్లాడుతాడు. ఊరినుంచి వచ్చిన పెండ్లిపత్రికను మాత్రం చదవలేడు. అతనికి భాష ఉన్నది, లిపి లేదు. తెలుగు నవల అతనికి అందవలసివస్తే చెవిద్వారానే అందాలి.

ఇక పెద్దల మాట. సూరత్ మరమగ్గాల షెడ్డులలో పూట అంటే పన్నెండు గంటలు. పన్నెండు గంటలు నిలుచుండి వచ్చినవాని కంటికి అచ్చు అక్షరం అలలు అలలుగా కదులుతుంది. ఇంటిపట్టున ఉండే స్త్రీలు కూలికి చీరల కట్టలు తెచ్చుకొని వాటికి రాళ్లు అంటిస్తారు, అంచులు కుడతారు, వేలాడే దారాలు కత్తిరిస్తారు. కూలి చీరకు ఇంత అని లెక్క. చెయ్యి ఆగితే డబ్బు ఆగుతుంది. ఆమె చేతులకు ఖాళీ లేదు, కన్నులకు ఖాళీ లేదు. మిగిలినది చెవి ఒక్కటే. అటువంటి ఇల్లాలు తన ఫోనును డబ్బామూతకు ఆనించి ఒక నవల వింటూ ఉంటే, అది చదవడం కాదని చెప్పడానికి ఏ పండితునికైనా నోరెట్లా వస్తుంది? ఆమె రెండు గంటలలో నలభై చీరలకు రాళ్లు అంటించి, ఒక కథానాయిక కష్టసుఖాలను ఆసాంతం తెలుసుకొన్నది. కుర్చీలో వెనుకకు వాలి పుటలు దొర్లించే పాఠకుడు అంతకంటె ఎక్కువ చేశాడని అనడానికి ఆధారమేమిటో మొదటి పక్షంవారే చెప్పాలి.

ఆ పక్షంవారు మరచిన సంగతి మరొకటి ఉన్నది. ఈ దేశంలో సాహిత్యం చెవినుంచి కంటికి వచ్చినదేగాని కంటినుంచి చెవికి పోయినది కాదు. భాగవతం చెప్పిన నవవిధ భక్తులలో మొదటిది శ్రవణం. సూరత్ గడ్డనే తీసుకొనండి. పదునేడవ శతాబ్దంలో ప్రేమానందుడనే గుజరాతీ కవి వడోదరలో పుట్టి, నందుర్బారులోనూ సూరత్‌లోనూ ఆఖ్యానాలు చెప్పి జనాన్ని అలరించాడు. రాగికడవ ముందు పెట్టుకొని, వ్రేళ్లకు ఉంగరాలు తొడిగి, ఆ కడవమీద తాళం వేస్తూ కథ చెప్పే ఆ గాయకులను మాణ్‌భట్టులంటారు. అదే సూరత్‌లో 1833లో పుట్టిన నర్మదుని సంగతి చూడండి. ఆధునిక గుజరాతీ వచనానికి ఆద్యుడని ఆయనకు పేరు. ఆ భాషలో మొదటి వ్యాసమని సాహిత్యచరిత్రకారులు ఎంచేది 1851లో ఆయన బొంబాయిలో చేసిన ప్రసంగం. సంఘంగా కూడుకొనడంవల్ల కలిగే లాభాలు దాని విషయం. అంటే ఆ వ్యాసం మొదట చెవులకు చేరి, తరువాత అచ్చుకు ఎక్కింది.

సూరత్ చేరిన పద్మశాలీలకు వారి సొంత పురాణం కూడా వినికిడిదే. కూనపులివారని వారికొక ఆశ్రిత కులమున్నది. మార్కండేయుని కథ, ఆయన కొడుకైన భావనాఋషి తామరతూళ్ల నారతో దేవతలకు వస్త్రం నేసిన కథ వారు చెబుతారు. చేర్యాల నకాశీవారు చిత్రించిన పొడుగాటి పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, కర్రతో ఒక్కొక్క బొమ్మనే చూపుతూ చెబుతారు. ఆ కర్రను జ్ఞాపకం పెట్టుకొనండి. దానితో పని ఉన్నది.

పనిచేసేవారికి చదివి వినిపించడమన్నది కూడా కొత్త కాదు. క్యూబాలోని హవానా నగరంలో 1865నుంచే చుట్టల కార్ఖానాలలో కూలివారు ఒక చదివేవానిని కుదుర్చుకొని, ఎత్తుగా వేసిన పీటమీద కూర్చుండబెట్టి, పత్రికలూ నవలలూ చదివించుకొన్నారు. జీతం యజమాని ఇచ్చినది కాదు. కూలివారు తమ సంపాదనలోనుంచి చందాలు వేసుకొని ఇచ్చినది. ఏ పుస్తకం చదవాలో వారే నిర్ణయించుకొనేవారు. మన కేరళలో కన్ననూరు ప్రాంతపు బీడీకార్మికులదీ ఇదే పద్ధతి: ఒకరు పత్రిక చదువుతారు, చదివినవాని వంతు బీడీలు తక్కినవారు చుట్టిపెడతారు. ఈ రెండుచోట్లా ఒక సౌకర్యమున్నది. చుట్ట చుట్టడం, బీడీ చుట్టడం నిశ్శబ్దమైన పనులు. మరమగ్గం అటువంటిది కాదు. హవానాలో కూర్చున్న చదువరిని తెచ్చి సూరత్ షెడ్డులో కూర్చుండబెడితే అతని మాట అతనికే వినబడదు.

ఇక్కడికి వచ్చేసరికి మొదటి పక్షంవారితో పని తీరిపోయింది. అసలు తగవు రెండవ పక్షంవారితోనే.

ఎనిమిది గంటల పనిలో ధ్వని 90 డెసిబెల్సు మించరాదని మన కర్మాగారాల నిబంధనలు చెబుతాయి. మరమగ్గాల షెడ్డులో ఆ గీత దాటడం సామాన్యం. అక్కడ పూట ఎనిమిది గంటలు కాదు, పన్నెండు. ఏండ్లతరబడి ఆ మోతలో నిలిచిన మనిషి చెవి ఒక్కసారిగా చెడదు, ఒక క్రమంలో చెడుతుంది. చెవిలో మొదట దెబ్బతినేది హెచ్చు స్థాయి ధ్వనులను పట్టుకొనే భాగం. మాటలో అచ్చులు లోతైన ధ్వనులు, బలమైనవి. అవి చాలాకాలం వినబడుతూనే ఉంటాయి. స, శ, ష, త, చ వంటి హల్లుల స్ఫుటత్వం హెచ్చు ధ్వనులలో ఉంటుంది. అది ముందు పోతుంది. అటువంటి మనిషిని అడిగితే, మాట్లాడుతున్నారని తెలుస్తున్నదిగాని ఏమి మాట్లాడుతున్నారో తెలియడం లేదని చెబుతాడు. అతనికి కావలసినది పెద్ద గొంతు కాదు, తేటగా పలికే గొంతు. మాట చుట్టూ నిశ్శబ్దం ఉండాలి.

మన శ్రవ్యపుస్తకాల నిర్మాతలు అతనికి ఏమి ఇస్తున్నారు? అధ్యాయం మొదలుకాగానే వేణువు. విషాదం రాగానే వయొలిను. వాన అని రచయిత ఒక మాట వ్రాస్తే, తరువాతి పది వాక్యాల వెనుక వాన కురుస్తూనే ఉంటుంది. బండి వచ్చిందంటే గంటలు, తలుపు తెరిచారంటే కీచుమన్న చప్పుడు. చెవి బాగున్నవానికి ఇది చికాకు కలిగించి పోవచ్చును. నేతగానికి ఇది గోడ. వాద్యపు మోత మాటమీద దుప్పటి కప్పుతుంది. ఇంకా మిగిలిన కొద్ది హల్లులూ దాని అడుగున అణగిపోతాయి. పన్నెండు గంటలు మగ్గం మోత భరించి ఇంటికి వచ్చినవానికి, పుస్తకం పేరుతో మళ్లీ మోతనే ఇవ్వడం ఏ రసపోషణ? రచయిత వాన అన్నప్పుడు ఆ మాటలోనే వాన ఉన్నది. లేకపోతే అది రచయిత లోపం. స్టూడియో దానిని తీర్చలేదు.

ఈ మాట అనగానే వచ్చే ఆక్షేపణ తెలిసినదే. మాణ్‌భట్టు కడవ వాయించలేదా? బుర్రకథకు తంబుర, డక్కీలు లేవా? ఒగ్గుకథలో డోలు లేదా? హరికథకు ఆదిభట్ల నారాయణదాసుగారు గజ్జెకట్టి ఆడలేదా? మన సంప్రదాయమంతా వాద్యమయం కాగా, నవలకు మాత్రం మడి ఎందుకు? ఆక్షేపణలో బలమున్నది, దానిని దాటవేయకూడదు.

ఆ కళలలో వాద్యం మాట అడుగున పారలేదు, మాటతో వంతులు పంచుకొన్నది. కథకుడు వచనం చెబుతుంటే డోలు ఊరుకొన్నది. వచనం తెగినచోట అందుకొన్నది. పద్యమో పాటో వచ్చినచోట తాళం వేసిందంటే ఆ తాళం ఛందస్సుది, అది మాటలోనే ఉన్నది. ఇదొకటి. రెండవది ఇంకా ముఖ్యమైనది. బుర్రకథ చెప్పిన నాజరుగారికి కథమీద హక్కు ఉన్నది. ఎదుట కూర్చున్న జనం ముఖాలు చూసి ఆయన పెంచగలడు, తగ్గించగలడు, నవ్వించదలిస్తే ఆగి నవ్వించగలడు. కథ ఆ రాత్రికి ఆయనదే. అచ్చయిన నవలను చదివేవానికి ఆ హక్కు లేదు. వాక్యం మరొకరిది; ఆ మరొకరు కామా పెట్టినచోట కామా, ఆపినచోట ఆపడం. వినేవాని ముఖం అతనికి కనబడదు. హక్కు లేనిచోట స్వేచ్ఛ తీసుకొంటే దానిని కల్పన అనరు.

ఇక కూనపులివాని కర్ర సంగతి. పటంమీద భావనాఋషి పులిని ఎక్కి వస్తుంటాడు. కథకుడు పులిగా మారనక్కరలేదు. కర్ర పులిని చూపుతుంది; చూపు పులిమీదికి పోగానే కర్ర పక్కకు తొలగుతుంది. జనం చూసేది బొమ్మను, కర్రను కాదు. గొంతుతో పుస్తకాన్ని అందించేవాడు ఆ కర్రవంటివాడు. ఇప్పుడు స్టూడియోలలో కర్రలకు రంగులు వేస్తున్నారు. ముసలివాడు వస్తే దగ్గుతూ చదవడం, స్త్రీపాత్ర రాగానే మగగొంతు సన్నబడి ముక్కుతో పలకడం, ఆడగొంతు బొంగురుపోవడం, చిన్నపిల్లల మాటలకు నత్తి: ఇదంతా అభినయమని పేరు పెట్టుకొని సాగుతున్నది. రెండు మాటలు మాట్లాడుకొనే ఇద్దరి మధ్య తేడా గొంతు మార్చనక్కరలేకుండా, వేగంలోనో బరువులోనో ఆవగింజంత మార్పుతో చూపించవచ్చును. 1970లలో విజయవాడ ఆకాశవాణినుంచి ఉషశ్రీగారు రామాయణ భారతాలు వినిపించినపుడు తెలుగునాట ఇండ్లలోనూ వీథి అరుగులమీదా జనం రేడియో చుట్టూ చేరి విన్నారు. ఆయన చెప్పినది ఒక్క కంఠంతోనే. కైకేయి కోసం ఆయన ఆడగొంతు పెట్టలేదు. కైకేయి ఎవరో జనానికి తెలియకపోనూలేదు.

ఈ వివాదం మనతో మొదలైనది కూడా కాదు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫు కనిపెట్టి, మరుసటి ఏడు దాని ఉపయోగాల పట్టిక వ్రాసినపుడే అంధులకు పుస్తకాలు వినిపించడం అందులో చేర్చాడు. 1934లో అమెరికాలోనూ, 1935లో బ్రిటనులోనూ అంధులకోసం మాట్లాడే పుస్తకాలు గ్రామఫోను పలకలమీద వచ్చినవి. నటించి చదవాలా, సాదాగా చదవాలా అన్న తగవు ఆనాడే వారిలో పుట్టింది. సాదాగా చదివితే ముసలివాడెట్లా మాట్లాడాడో ఊహించుకొనే పని వినేవానికి మిగులుతుంది. అచ్చుపుస్తకం పాఠకునికి ఇచ్చే గౌరవం అదే. చెవి పాఠకునికి దానిని తగ్గించి ఇవ్వవలసిన కారణం లేదు.

సాదాగా చదవడమంటే తేలికగా చదవడమని ఎవరైనా అనుకొంటే తెలుగు వాక్యం వారికి బుద్ధి చెబుతుంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. దానికి ముందు అసమాపక క్రియలు వరుసగా నిలబడతాయి. ‘తెల్లవారకముందే లేచి, ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకొని, ఆరు మైళ్లు నడిచి, ఆయన గుమ్మందాకా వచ్చి కూడా, తలుపు తట్టలేకపోయింది.’ ఈ వాక్యం బరువంతా చివరి మాటమీద ఉన్నది. ముందుచూపు లేకుండా చదివేవాడు ‘లేచి’ దగ్గర ఊపు, ‘నడిచి’ దగ్గర కష్టం, ‘వచ్చి’ దగ్గర సంతోషం ఒలికించి, చివరకు ఊపిరి చాలక ‘తట్టలేకపోయింది’ని మింగేస్తాడు. కథంతా ఆ మాటలోనే ఉన్నదని అతనికి ఆ మాటదాకా వచ్చాకగాని తెలియదు. నోరు ఒక మాటమీద ఉండగా కన్ను నాలుగు మాటల ముందు ఉండాలి. పుస్తకాన్ని ముందొకసారి మౌనంగా చదవనివాడు గొంతెత్తి చదవడానికి అర్హుడు కాడు. గంటకు ఇంత అని కూలి కట్టి, చేతికి ఉదయం కాగితాలిచ్చి సాయంత్రానికి ముద్రణ ముగించాలనే వ్యాపారం ఈ అర్హతకు చోటివ్వదు. నిందలో సగం వాచకునిది కాదు.

మాండలికం దగ్గర ఈ లోపం నేరమే అవుతుంది. తెలంగాణ పలుకులో ‘నేను చెప్పిన’ అంటే నేను చెప్పాను అని అర్థం. అది పూర్తి క్రియ. కోస్తా అలవాటుగల చెవికి ‘చెప్పిన’ విశేషణం. దాని తరువాత ఒక నామవాచకం రావాలని ఎదురుచూస్తుంది. ‘నిన్ననే చెప్పిన. వాడు ఇనలే.’ అని పుటలో ఉన్నదనుకొనండి. నిన్ననే నేను చెప్పాను, అతడు వినలేదని భావం. వాచకుడు మధ్య చుక్కను లక్ష్యపెట్టకుండా గొంతు దించక ‘నిన్ననే చెప్పిన వాడు ఇనలే’ అని ఒక్క ఊపున చదివితే, చెప్పినవాడే విననివాడవుతాడు. కథ తలక్రిందులైంది. సూరత్‌లో రాళ్లు అంటిస్తున్న ఇల్లాలికి ఇది ఏ వ్యాకరణమూ చదవకుండానే క్షణంలో పట్టుబడుతుంది. ఆమె నవ్వుకొంటుంది, లేదా ఆపేస్తుంది. దాశరథి రంగాచార్యుల ‘చిల్లర దేవుళ్లు’ వంటి నవలలను, యశోదారెడ్డిగారి ‘మా ఊరి ముచ్చట్లు’ వంటి కథలను ఆ నుడికారం ఎరిగిన నోరు చదవాలి. అందరికీ అర్థం కావడంకోసమని ఒకే రకం స్టూడియో తెలుగులోకి దించితే, ఆ పుస్తకాలు ఎవరి బ్రతుకును గురించి వ్రాసినవో వారికే పరాయివవుతాయి.

ఇంకొక చిక్కు హిందీవైపునుంచి వస్తున్నది. సూరత్ తెలుగువారికి హిందీ బాగా వచ్చు. హిందీలో శ్రవ్యపుస్తకాలు తెలుగులోకంటె ఎక్కువ గనుక వారు అటు మొగ్గడం సహజం, తప్పూ కాదు. అయితే హిందీకి హ్రస్వమైన ఎకార ఒకారాలు లేవు. తెలుగుకు అవి ప్రాణం. మెడ వేరు, మేడ వేరు. తల్లి ఒడి వేరు, యుద్ధంలో ఓడి రావడం వేరు. హిందీ అలవాటుగల నోరు, హిందీకోసం ముందుగా తయారైన యంత్రం ఈ భేదాన్ని చదును చేస్తే, హారం మేడకు వేస్తారు, బిడ్డ ఓడిలో నిద్రపోతుంది. పలు భాషలకు ఒకేచోట పని జరిపించే సంస్థలు ప్రతి భాషకూ ఒక వినేవానిని జీతమిచ్చి పెట్టుకొంటే చాలు, ఇది తీరిపోతుంది.

యంత్రకంఠాన్ని గురించి కోపంగా మాట్లాడటం నేడు మర్యాద అయిపోయింది. కొంత వివేకం అవసరం. మన కాపీరైటు చట్టాన్ని 2012లో సవరించి, అచ్చు చదవలేనివారికి వీలైన రూపంలో పుస్తకాలను అందించడానికి దారి చేశారు. 2013నాటి మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటె ముందు ధ్రువీకరించినది భారతదేశమే. 2016లో సుగమ్య పుస్తకాలయం వెలసింది. రేపు పరీక్ష ఉన్న అంధ విద్యార్థికి మనిషి గొంతు దొరికేదాకా ఆగుమని చెప్పడం క్రూరత్వం. యంత్రం చదవనీ, సంతోషం. కాని కథను డబ్బు తీసుకొని అమ్ముతూ, చదివినది మనిషి కాదని చెప్పకుండా, పైగా దానికి ఒక మనిషి పేరు తగిలించడం వేరే సంగతి. కొన్నవానికి తాను ఏమి కొన్నాడో తెలియాలి. చీరమీద పట్టు అని చీటీ అంటించి పాలియెస్టరు అమ్మితే ఏమంటారో సూరత్ బజారులో ఎవరినడిగినా చెబుతారు.

పేర్ల మాట వచ్చింది గనుక అనువాదకుని మాట కూడా. ఇతర భారతీయ భాషలనుంచి తెలుగులోకి వచ్చిన నవల ముఖపత్రంమీద మూలరచయిత పేరు, దానికింద అనువాదకుని పేరు ఉంటాయి. ఈ ఆచారం సులభంగా రాలేదు. అదే నవల చెవికి మారేసరికి చాలచోట్ల అనువాదకుడు అదృశ్యమవుతున్నాడు. ప్రేమ్‌చంద్‌గారు నేరుగా తెలుగులో వ్రాసినట్లే అక్కడ వినబడుతుంది. వినేవాడు నిజంగా వింటున్నది మూడు చేతులు మారిన వాక్యాన్ని: వ్రాసినవానిది, తెచ్చినవానిది, పలికినవానిది. పలికినవాడు కూడా అనువాదకుడే. కంటి భాషనుంచి చెవి భాషకు తెచ్చాడు. అనువాదకుని తప్పును విమర్శకులు వాక్యం ఎత్తి చూపి పట్టుకొంటారు. వాచకుని తప్పును పట్టుకొనే విమర్శ తెలుగులో ఇంకా పుట్టనే లేదు. నటీనటుల గొంతు బాగుందనో, నిద్ర పట్టిందనో నాలుగు మాటలు చెప్పి ఊరుకొంటున్నాము. ఫలానా అధ్యాయంలో ఫలానా వాక్యాన్ని ఎందుకట్లా విరిచారని అడిగినప్పుడుగదా వాచకునికి తన పని గంభీరమైనదని తెలిసేది.

వెంటనే చేయదగిన పనులకు పెద్ద ధనం అక్కరలేదు. మొదటి నిమిషంలోనే మూలరచయిత పేరు, అనువాదకుని పేరు, వాచకుని పేరు, ఏ ప్రచురణనుంచి చదివారో ఆ సంవత్సరం, పుస్తకం పూర్తిదా సంక్షిప్తమా అన్నది గొంతుతోనే చెప్పాలి. లిపి రానివానికి తెరమీద అక్షరాలవల్ల ప్రయోజనం లేదు. వాద్యం లేని ప్రతి ఒకటి తప్పక దొరకాలి. సంగీతాన్ని వేరుగా ముద్రించి తరువాత కలుపుతున్నారు గనుక, కలపకముందు ఉన్న గొంతును అట్లాగే విడుదల చేయడమే అందుకు చాలు. వాచకులను హైదరాబాదులోనే వెతకడం మాని, ఒక తెలంగాణ నవలకు లింబాయత్‌లో పుట్టి పెరిగి నగరపాలక తెలుగు బడిలో అక్షరాలు దిద్దుకొన్న అమ్మాయిని పిలిచి చదివించి చూడవచ్చును. ముద్రణ పగటిపూట పెట్టుకోకూడదు. ఆ వీథులలో మగ్గాలు ఆగే వేళ ముందుగా కనుక్కొని పోవాలి.